పుట్టింటి బూడిద

మొన్న మా చెల్లెలి మనుమరాలు ఫోను చేసి, తాను రాసిన వ్యాసం ఏదో పెద్ద వైద్య పత్రికలో అచ్చయిందని చెప్పింది. ఆ పిల్ల హైదరాబాదులో పసికందుల వార్డులో డాక్టరు. పుట్టీ పుట్టగానే ఫిట్సు వచ్చే పిల్లల మెదడు గురించీ నరాల గురించీ కొన్నేళ్లుగా తిండీ నిద్రా మాని పరిశోధన చేస్తోంది. సంతోషమే, కాదనను. ఇంటిల్లిపాదీ ఆ కాగితం ఫోటోను ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని మురిసిపోతుంటే, నేను మాత్రం ఆ ఫోటో తెరవకుండా ఫోను పక్కన పెట్టేశాను. పుట్టిన వారం లోపల పిల్లకు ఫిట్సు అన్న మాట నా ఈడు ఆడవాళ్ల చెవిన పడితే ఎలా ఉంటుందో ఈ కాలం పిల్లలకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. మీరూ నా ఈడువాళ్లే, మీకు తెలుసు గనుక మీకు చెప్పుకుంటున్నాను.

నా పుట్టిల్లు పాన్‌గల్ దగ్గర ఒక పల్లె. మెట్ట సేద్యం, జొన్నలు, వేరుశనగ, వాన పడితే తిండి, లేకపోతే ఆకాశం వంక చూడడం. నన్నిచ్చింది గద్వాలలో, ఆయన అక్కడ బడిపంతులు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా, అలాగే జరిగింది. మగపిల్లవాడు. తెల్లగా, బొద్దుగా, గుటకలు వినపడేలా పాలు తాగేవాడు. వారం తిరుగుతుందనగా ఒక పొద్దున రొమ్ము నోటికందిస్తే పట్టుకోలేదు. పెదవులు బిగించి నవ్వినట్టు మొహం పెట్టాడు. అది నవ్వే అనుకుని, పిచ్చిదాన్ని, నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి వెనక్కి విరుచుకునేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు. మర్నాటికి నా ఒడి ఖాళీ అయింది. అప్పట్లో మా వైపు అలా పోయిన పసివాళ్లు లేని ఇల్లు తక్కువ, అందుకని ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు కూడా.

మళ్లీ నెల తప్పాక ఆయన నన్ను గద్వాల దవాఖానలో కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. హైదరాబాదు తురకల ఆడపడుచు. చూడ్డానికి పిడికెడు మనిషి, మాట వింటే మాత్రం కోటగోడ అవతలికి కూడా వినపడేది. అంతకుముందు నాగర్‌కర్నూల్లో పనిచేసినప్పుడు ఎడ్లబండి కట్టించుకుని ఉప్పునుంతల, బల్మూర్ వైపు పల్లెలన్నీ తిరిగిందట. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లుల పక్కన నేలమీద కూర్చుని ప్రశ్నలు అడిగేదట. కొన్ని ఊళ్లలో, పోయిన పిల్లల సంగతి ఎత్తుతున్న ఈమె ఎవతో అని తరిమేశారని తనే నవ్వుతూ చెప్పింది. పసివాళ్ల దవడ బిగుసుకుపోయే ఆ జబ్బు మీద డాక్టర్ల పత్రికకు వ్యాసం రాయాలని ఆమె పట్టుదల. నన్నూ అవే అడిగింది: బొడ్డు దేనితో కోశారు, కోసిన చోట ఏం పెట్టారు?

చెప్పాను. గడ్డి కోసే కొడవలితో కోశారు. ఆవుపేడ పిడకల బూడిద పెట్టారు. మా ఇంట్లో ఆ బూడిదకు ఒక మర్యాద ఉండేది. పుట్టింటి పొయ్యిలో కాల్చి, జల్లించి, ఆడపిల్ల కాన్పు కోసమని గురిగిలో, చిన్న మట్టికుండలో, దాచేవారు. మా అమ్మ మమ్మల్నందరినీ ఆ బూడిదతోనే సాకింది. డాక్టరమ్మ నా మాటలు విని, పేడలో కంటికి కనపడని విషక్రిమి ఉంటుందనీ, కాలీ కాలని పిడకల బూడిదలో అది చావదనీ, అది పచ్చి బొడ్డులో చేరితే దాని విషం నరాలకెక్కి దవడ బిగిస్తుందనీ మెల్లగా చెప్పింది. నా కొడుకును తీసుకుపోయింది గాలీ ధూళీ కాదు, మా అమ్మ తన చేత్తో ప్రేమగా అద్దిన బూడిద! ఆ మాట ఎవరితో చెప్పుకోను?

రెండో కాన్పు గద్వాలలోనే అని ఆయన పట్టుబట్టారు. అమ్మ మొహం మాడ్చుకునే వచ్చింది, వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలెక్కి, కృష్ణ దాటి, నెత్తిమీద మూటతో. పురుడు డాక్టరమ్మే పోసింది. ఆడపిల్ల. మరగబెట్టిన కత్తెరతో బొడ్డు కోసి, తెల్లటి గుడ్డ కట్టి, దానిమీద ఏమీ పెట్టకూడదని అమ్మకు రెండు మూడు సార్లు చెప్పి, ఎందుకు పెట్టకూడదో కూడా విడమరిచింది. అమ్మ అంతా విని, ఆమె గుమ్మం దాటగానే అందుకుంది: "గింతమందిని సాదిన. గీ బూడిదతోనే సాదిన. గప్పుడు లేని విషం గిప్పుడు యాడికెల్లి వచ్చింది?" ఆయన ఏదో అనబోతే నేనే కళ్లతో వారించాను. బాలింతను, ఇంట్లో గొడవ వద్దనుకున్నాను.

ఆ తర్వాత ఒక రోజు, పొద్దెక్కాక, పిల్లకు నీళ్లు పోద్దామని బొడ్డు మీది గుడ్డ విప్పితే అడుగున బూడిదరంగు మరక. అమ్మ వాకిట్లో పొత్తిగుడ్డలు ఆరేస్తోంది. నా నోట వచ్చిన కేకకు పక్కింటి వాళ్లు పరుగెత్తుకొచ్చారు. అమ్మ వచ్చి, నా చేతిలో గుడ్డ చూసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇంగ పచ్చిగనే ఉండె బిడ్డా. బుగులైంది. మూటల తెచ్చిన మన పొయ్యి బూడిద జరంత పెట్టిన, గంతే" అంది. ఆమె కళ్లలో మోసం లేదు. బొడ్డు ఆరకపోతే మనుమరాలు ఏమవుతుందోనన్న భయం తప్ప మరేమీ లేదు. ఆ భయాన్ని ఏమని తిట్టను?

డాక్టరమ్మ జట్కాలో వచ్చింది. మా అమ్మను ఒక్క మాట అనలేదు. బొడ్డు శుభ్రంగా కడిగి కొత్త గుడ్డ కట్టి, విషాన్ని విరిచే సూదిమందు ఒకటుందనీ, దవడ బిగిసిన తర్వాత ఇస్తే దానిమీద నమ్మకం తక్కువనీ, ముందే పడితే ఆశ ఉందనీ చెప్పి, దానికోసం హైదరాబాదుకు తంతి కొట్టించింది. వెళ్తూ వెళ్తూ నా తల నిమిరి, "పరేషాన్ కావొద్దమ్మా. పాప పాలు గుంజుతుందా లేదా, అదొక్కటే చూస్తుండు" అంది. పరేషాన్ కావొద్దట! ఆ మాటతో నాకు ఇక వేరే లోకం లేకుండా పోయింది. పాలు పట్టే ప్రతిసారీ రొమ్ము ఆ చిన్ని నోటికి అందించి చూస్తుండేదాన్ని, పెదవులు విడివడి పట్టుకున్నాక గానీ ఊపిరి వచ్చేది కాదు, తాగి పడుకుంటే మళ్లీ ఎప్పుడు లేస్తుందా, లేచి తాగుతుందా లేదా అని ఇంకో భయం మొదలయ్యేది. పిల్ల నిద్రలో పెదవి కదిపితే నవ్వుతోందేమోనని దీపం దగ్గరకు తెచ్చి చూసేదాన్ని. సొంతబిడ్డ నవ్వు చూసి హడలిపోయిన తల్లిని మీరెక్కడైనా చూశారా? అమ్మ అన్నం కలిపి తెచ్చి ముద్ద నోటికందిస్తే మొహం తిప్పుకున్నాను. ఆమె ఆ కంచం పట్టుకుని అలాగే చాలాసేపు కూర్చుంది.

మందు రైల్లో వచ్చింది, సూది పడింది. అంతటితో భయం తీరిందా అంటే లేదు. వారం తిరిగే రోజు, సరిగ్గా మొదటివాడు రొమ్ము పట్టని వేళకే, పిల్ల కూడా పట్టలేదు. పెదవులు తడిపాను, పట్టలేదు. చెంప నిమిరాను, పట్టలేదు. ఆయన చెప్పులు కూడా లేకుండా దవాఖానకు పరుగెత్తారు. గుమ్మం దగ్గర అమ్మ నిలబడి తన రెండు చేతులనూ తానే చూసుకుంటోంది. ఏమనిపించిందో ఏమో, నేను పిల్ల అరికాలు గట్టిగా గిల్లాను. చిగుళ్లన్నీ కనపడేలా నోరు బార్లా తెరిచి కెవ్వున ఏడ్చింది నా చిట్టితల్లి! దవడ బిగిసిన పిల్ల అలా ఏడవలేదు. నిద్రమత్తులో పాలొద్దంది, అంతే. నేనూ ఏడ్చాను, అమ్మ కూడా నేలమీద కూలబడి ఏడ్చింది. డాక్టరమ్మ ఉరుకులు పరుగులమీద వచ్చేసరికి ముగ్గురం పోటీపడి ఏడుస్తున్నాం, చూసి ఆమెకు నవ్వాగలేదు.

పిల్ల తప్పటడుగులు వేసే రోజుల్లో డాక్టరమ్మ వ్యాసం అచ్చయింది. పత్రిక పట్టుకుని తనే మా ఇంటికి వచ్చింది. అమ్మ అప్పుడు గద్వాలలోనే ఉంది. ఇంగ్లీషు కనుక ఆయన చదివారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. పేర్లు లేకుండా, ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లలనీ, ఇద్దరికీ బొడ్డు మీద బూడిద పెట్టారనీ, మందు లేని మొదటివాడు పోయాడనీ, మందు ముందే పడిన రెండోది బతికిందనీ ఉంది. ఇదంతా ఆయన తర్వాత నాకు చెప్పారు. అప్పుడు మాత్రం అమ్మ, ఏమని రాశారని అడిగితే, ఆయన గొంతు సవరించుకునే లోపలే డాక్టరమ్మ అందుకుని, "పెద్దమ్మా, నీ మనుమరాలు బతికిందని అచ్చేసిన్రు" అంది. అమ్మ పొంగిపోయి, ఆ పత్రికను కళ్లకద్దుకుంది. పాన్‌గల్ వెళ్లాక తన మనుమరాలు పుస్తకంలోకి ఎక్కిందని ఊరందరికీ చెప్పుకుంది. బూడిద పెట్టినా పిల్లకేమీ కాలేదు కదా అని కూడా అనేది. నేను ఎదురు చెప్పలేదు. ఆ బూడిద మంచిదేనని ఆమె నమ్మినంతకాలం మొదటివాడి చావు ఆమె చేతికి అంటదని నా ఆలోచన.

కొన్నేళ్లకు మా చెల్లెలి కాన్పు పుట్టింట్లోనే జరిగింది, నేనూ వెళ్లాను. మంత్రసాని కొడవలి అందుకోబోతే అమ్మ పొయ్యిమీద మరుగుతున్న గిన్నెలోంచి కొత్త బ్లేడూ దారమూ తీసి ఇచ్చింది. బొడ్డు కోశాక మంత్రసాని, "బూడిదేదమ్మా?" అని అడిగింది. "లేదు తియ్. గిప్పుడు గదంత ఎందుకు?" అంది అమ్మ. నా వైపు చూడలేదు. గద్వాలలో ఆ రోజు చూసుకున్నట్టే మళ్లీ తన చేతులు చూసుకుని, కొంగుతో తుడుచుకుని, పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి గానీ నాకు తెలియలేదు, అమ్మకు అంతా తెలుసునని, ఎన్నాళ్లుగానో తెలుసునని.

ఇప్పుడు ఏ బిడ్డకు ఏ జబ్బు ఎందుకొచ్చిందో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెబుతున్నారు, అందరూ నోరు విప్పి అడుగుతున్నారు, ఏడ్చేదేదో అక్కడే కలిసి ఏడుస్తున్నారు. మంచిదే. మాకు అది చేతకాలేదు. తెలియనట్టు ఉండి ఆమె నన్ను కాపాడుతున్నాననుకుంది, నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను, కలిసినప్పుడల్లా ఎదురెదురుగా కూర్చుని చింతపండు ఈనెలు తీసుకుంటూ ఏళ్లకేళ్లు గడిపేశాం. నీకు తెలియక చేశావు, నీ తప్పేం లేదమ్మా అని ఇప్పుడు చెప్పాలని ఉంది. వినడానికి అమ్మ లేదు.