ఖాళీ రైల్లో మూడు సీట్లు

కుదరబోతున్న పెళ్ళి సంబంధాన్ని ఒక్క నిమిషంలో పట్టాలు తప్పించడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. నాకు స్వానుభవం ఉంది.

కీర్తనా నేనూ మెల్‌బోర్న్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డాం. ఇక ఒప్పుకోవాల్సింది వాళ్ళ నాన్నగారు. గుంతకల్లులో ముప్ఫయ్యేళ్ళు రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. నన్ను చూడ్డానికే వచ్చారు. రైల్వే మనిషిని రైలుతోనే మెప్పించాలని లెక్కగట్టాను. మేముండే వెర్రిబీ పేట నుంచి రెండు గంటల దూరంలో, పల్లెపట్టున, ఇప్పటికీ బొగ్గింజన్ నడిచే పాత స్టేషన్ ఉంది. ఫోన్‌లో ఇరవై మూడు అంశాల చెక్‌లిస్ట్ తయారుచేశాను. ఏడో అంశం: ఎడమవైపు కిటికీ సీట్లు, వాగు కనబడేలా.

స్టేషన్ ఎంత ప్రశాంతమంటే, గులాబీలకు నీళ్ళు పోస్తున్న స్టేషన్ మాస్టరు, బెంచీ మీద నిద్రపోతున్న పిల్లి, మేం ముగ్గురం. అంతే జనాభా. ప్లాట్‌ఫారం పక్కన ఎర్ర పెట్టెలు మూడు ఆగి ఉన్నాయి. చూడగానే నాలోని సికింద్రాబాద్ జనరల్ బోగీ ప్రయాణికుడు మేల్కొన్నాడు. బ్యాగులన్నీ భుజాన వేసుకుని, కిటికీలోంచి మూడు సీట్ల మీదికి మూడు కర్చీఫులు విసిరి, లోపలికి దూకాను.

"వంశీ, ఎవరున్నారని ఆ పరుగు?" అంది కీర్తన.

"రష్ రాకముందే పట్టాలి కదా."

"దిగు నాయనా," అన్నారు వాళ్ళ నాన్నగారు. "వెనకపక్క డీజిల్ ఇంజన్ తగిలించినారు, చూడు. ఇది షంటింగుకు, షెడ్డులోకి పోతుంది."

"టెన్షన్ పడకండి అంకుల్. ఇక్కడి సిస్టమ్ వేరు."

ముప్ఫయ్యేళ్ళ గార్డుకి రైళ్ళ గురించి నేను చెప్పిన మాట అది.

పెట్టె కుదిపింది. ప్లాట్‌ఫారం మెల్లగా వెనక్కి జరిగింది. నేను విజయగర్వంతో చెయ్యి ఊపుతూనే ఉన్నాను, పెట్టె రేకుల షెడ్డు చీకట్లోకి దూరేదాకా. రంగు డబ్బా పట్టుకున్న ఒక పెద్దాయన కిటికీలోకి తొంగిచూశాడు.

"మేట్, దీనికి రంగు వెయ్యాలి. ఆరడానికి వారం. వెయిట్ చేస్తావా?"

ఫోన్ మోగింది.

"టికెట్లు?" అంది కీర్తన.

"నా దగ్గరే."

"పులిహోర?"

"నా దగ్గరే."

"నేను?"

ఇరవై మూడు అంశాల్లో అది లేదు.

పెద్దాయన దారి చూపిస్తుంటే, పెళ్ళివారి గాడిదలా బ్యాగులన్నీ మోసుకుంటూ నడిచొచ్చాను. అసలు రైలు పొగలు కక్కుతూ నా కోసమే ఆగి ఉంది. వాళ్ళ నాన్నగారు స్టేషన్ మాస్టరు పక్కన, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డారు.

"సారీ అంకుల్. మీ మాట వినలేదు. తప్పు నాదే."

ఆయన వాచీ చూసుకున్నారు. "పదకొండు నిమిషాలు లేటు." జెండాను చంకన పెట్టుకుని, "నా సర్వీసులో తప్పు బండెక్కినోళ్ళను శానామందిని చూసినా. తప్పు నాదన్నోడు ఒక్కడూ లేడు. పెండ్లికి నాకు సమ్మతమే. కానీ ఆ పొద్దు మండపానికి నిన్ను నేనే చెయ్యి పట్టి తీసుకొస్తా. ఒక్కడివే బయల్దేరితే ఏ పెండ్లిలో కూర్చుంటావో."

బొగ్గు పొగ సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. కీర్తన ఎక్కనిదే ఏ బండీ ఎక్కను. మామగారు దిగమంటే, గాల్లో ఉన్న విమానంలోంచైనా దిగిపోతాను.