గుంత లేని మగ్గం

మాస్కోలో దిగిన మొదటి రోజే నేను అక్కడివాళ్ళతో గొడవ పెట్టుకున్నాను. భాష రాని ఊళ్ళో కోప్పడడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. అయినా ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వే వస్తుంది.

ఎనభైల నడిమి సంగతి. మాది ధర్మవరం, పట్టు చీరలు నేసే ఇల్లు. మాస్కోలో ఒక ప్రదర్శన పెడుతున్నారనీ, ఒక నేతగాడు వచ్చి జనం ముందు నేసి చూపించాలనీ కబురొస్తే ముందు నాయన్నే అడిగారు. ఆయనకు అప్పటికే చూపు మందగించింది. తనకు బదులు నన్ను పొమ్మన్నాడు. తాను నేసే మగ్గాన్నే విప్పించి, సగం నేసిన చీరతో సహా పెట్టెలకెత్తించి, నాకంటే ముందే ఓడలో పంపించాడు. వీధిలో వాళ్ళు ఊరికే ఉంటారా. "ఏమప్పా, రష్యావోళ్లకు చీర కట్టేది కూడా నువ్వే నేర్పిచ్చొస్తావా" అని ఒకటే వేళాకోళం. నాయన మాత్రం బస్టాండులో ఒక్క మాట అన్నాడు.

"మగ్గం ఆడకుంటే అవి ఉత్త కట్టెలేరా. ఆడిచ్చి రా."

బెంగళూరు దాటి ఎరగనివాణ్ణి, ఒంటరిగా ఢిల్లీ పోయి విమానమెక్కాను. దిగేసరికి ఒక ఆడమనిషి చేతిలో పెద్ద కోటు పట్టుకుని నా కోసం నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి, దుభాషి. ఆమెది రేడియోలో వినిపించే హిందీ, నాది మా వీధి సాయిబుల దగ్గర పట్టుకున్న ఉర్దూ. సగం మాటలతో, సగం చేతులతో నెట్టుకొచ్చాం. కారులో పోతూ రోడ్ల వెడల్పు చూసి నోరు తెరిచాను. ఆ ఒక్క రోడ్డు మీద మా ఊరి మగ్గాల పడుగు పోగులన్నీ పక్కపక్కన చాచి ఆరబెట్టుకోవచ్చు.

ప్రదర్శన పెట్టే భవనంలో పెట్టెలు విప్పి చూసుకున్నాను. ఒక్క పుల్ల విరగలేదు, ఒక్క పోగు తెగలేదు. హాలు కూడా గొప్పగా ఉంది. నేలంతా చెక్క, ముగ్గులేసినట్టు రంగురంగుల ముక్కలు పొదిగి నునుపు చేశారు. ఆ నేల మీద నేను అటు నుంచి ఇటు రెండుసార్లు తిరిగాను. నాకు కావలసిన గుంత ఎక్కడా కనబడలేదు.

మా మగ్గం నేల మీదే కూర్చుంటుంది. నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతాడు. తొక్కితేనే పడుగు పోగులు రెండుగా విడతాయి, వాటి మధ్య నుంచి అడ్డపోగు మోసే నాడె దూరుతుంది. ఈ సంగతి వాళ్ళకు తెలియదు, మేమూ రాయలేదు. మా ఇళ్ళలో గుంత లేని నేలంటూ ఉండదు, రాయాలని ఎవరికి తోస్తుంది?

అందుకని నేను గడ్డపార అడిగాను. ఆ మాటకు ఉర్దూ నాకు రాదు, అభినయించి చూపించాను. మూరన్నర లోతు చాలనీ, ప్రదర్శన అయ్యాక నేనే పూడ్చి, పేడతో అలికి మరీ పోతాననీ హామీ ఇచ్చాను. పేడ దగ్గర దుభాషి రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది. ఆమె చెప్పగానే ప్రదర్శన చూసుకునే ముగ్గురు పెద్దమనుషులు పరుగున వచ్చారు. అందరికంటే పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఈనిన ఆవును నిమిరినట్టు ఆ నేలను నిమిరాడు. అది రాజుల నాటి నేలట.

వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని ఒక తీర్పు చెప్పారు. మగ్గాన్ని ఊరికే నిలబెడతారు. నేను తలపాగా చుట్టుకుని పక్కన కూర్చుంటాను. వెనక నేతపని ఫొటోలు తగిలిస్తారు. మర్నాడు పదకొండు గంటలకు జనం వస్తారు కాబట్టి వేరే దారి లేదు. నాయన అన్న మాట గుర్తొచ్చింది. ఇంత దూరం వచ్చి ఉత్త కట్టెల పక్కన బొమ్మలాగా కూర్చుని పోవాలా? కోపంలో ఉర్దూ ఎగిరిపోయి తెలుగే వచ్చింది.

"కాళ్లు యాడ పెట్టుకోవల్లప్పా? నెత్తిన పెట్టుకోవల్లనా?" అనేసి బయటికి నడిచాను.

దుభాషి వెంట పడింది గానీ, ఒంటరిగా వదిలేయమని చెయ్యి ఊపాను. దారి తప్పుతానేమోనని మలుపు మలుపుకూ ఒక గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఒకచోట జనం వరసలో నిలబడి ఉంటే, దేనికో తెలియకపోయినా నేనూ నిలబడ్డాను. వరస చూస్తే నిలబడడం మనకూ అలవాటే. చివరికి చేతిలో పడింది ఐస్‌క్రీము. ఆ చలిలో ముసలీ ముతకా అందరూ కోట్లు వేసుకుని ఐస్‌క్రీము తింటున్నారు. వీళ్ళతో ఇంక గొడవేమిటి అనిపించి నాకు నవ్వొచ్చింది, కోపం సగం దిగిపోయింది.

పక్కనే నది. మా చిత్రావతిలో ఇసుకే ఎక్కువ, ఇక్కడ అంచుల దాకా నీళ్ళు. గట్టు మీది రాతిగోడ ఎక్కి, కాళ్ళు కిందికి వదిలి కూర్చుని, వణుక్కుంటూ ఐస్‌క్రీము తిన్నాను. హాయిగా ఉంది. మగ్గం ముందు కూర్చున్నట్టే ఉంది. ఆ మాట మనసులోకి రాగానే చప్పున దిగి నిలబడ్డాను. కాళ్ళకు కావలసింది చోటే గానీ గుంత కాదు. నేలను కిందికి తవ్వనివ్వకపోతే నన్నూ, మగ్గాన్నీ పైకి లేపితే సరి.

పెట్టుకున్న గుర్తులు వెనక్కి చూసుకుంటూ తిరిగి పోయాను. దుభాషి గుమ్మంలోనే ఉంది, పాపం, ఏడ్చినట్టుంది. ఉపన్యాసాలకు వేదికలాగా పేర్చే చెక్కపెట్టెలు ఆ భవనంలో గుట్టలుగా ఉన్నాయి. వాటిని చూపించి ఆమెకు నా ఉపాయం చెబితే ఇద్దరు వడ్రంగులను పిలిపించింది. నా మూరతో కొలిచి చూపిస్తే, నడుమ ఖాళీ వదిలి, జనం నిలబడే వైపు తప్ప మిగతా మూడు వైపులా పెట్టెలు పేర్చి బిగించారు. వాటి మీద మగ్గం కూర్చోబెట్టి, తాళ్ళు కట్టి, తొక్కే చెక్కలు వేలాడదీసి, చెప్పులు విడిచి ఎక్కి కూర్చున్నాను. పొద్దు వాలేవేళకు నాడె అటు పోయి ఇటు వచ్చింది. ధర్మవరం ఎండగాలికి పటపటా తెగే పోగు, అక్కడి చెమ్మకు చెప్పినట్టు విన్నది. మగ్గం ఆడింది. ఆ మాట నాయనకు ఎప్పుడెప్పుడు చెబుదామా అనిపించింది.

పెద్దాయన చూసి సంతోషించి ఒక్క సవరణ చెప్పాడు. కింద నుంచి పెట్టెలూ, నా కాళ్ళూ కనబడడం అందంగా లేదట. ముందర ఒక ఎర్రగుడ్డ కట్టించాడు. నాకూ అదే మంచిదనిపించింది. పగిలిన మడమలు, కాయలు కాచిన వేళ్ళు, ఎప్పుడూ గుంతలో దాక్కునే కాళ్ళు. వాటిని ఊరూరి జనానికి చూపించడానికి సిగ్గేసింది.

అందరూ పోయారు. దుభాషి కాగితాలేవో సర్దుకుంటోంది. నేను చేతులాగక ఇంకో రెండు వేళ్ళ మేర నేస్తున్నాను. హాలు తుడవడానికి వచ్చిన ముసలామె బకెట్టు కింద పెట్టి నిలబడి చూసింది. తర్వాత నేల మీద చతికిలబడి, ఎర్రగుడ్డ ఎత్తి, లోపలికి తల పెట్టింది. నాకు చక్కిలిగింత పెట్టినట్టయి నాడె జారిపోయింది. ఆమె తల తీయకుండానే, నేయమని చెయ్యి ఊపింది. చాలాసేపు అట్లాగే చూసి, దుభాషితో ఏదో అంది.

"ఈమె ఇరవై ఏళ్ళు బట్టల మిల్లులో పనిచేసిందట," అంది దుభాషి. "రేపు వచ్చేవాళ్ళకు సగం పనే చూపిస్తారా అని అడుగుతోంది."

తొక్కడం ఆపకుండానే వంగి, పోగుల పక్క నుంచి కిందికి చూశాను. గుంతలో చీకటి, పైన ఎప్పుడూ చీర. నా కాళ్ళు పనిలో ఉండగా నేనే ఎన్నడూ చూడలేదు. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తోంది, నేను చెప్పకుండానే. నాయన నలభై ఏళ్ళు నేశాడు. చీర కొనడానికి వచ్చిన ప్రతివాడూ ఆయన చేతులు పొగిడి పోయాడు. కొడుకునై, పక్క గుంతలోనే కూర్చుని పని నేర్చుకుని, ఆయన కాళ్ళు ఎట్లా ఆడతాయో నేను ఒక్కసారైనా చూడలేదు.

దిగి వచ్చి గుడ్డ ముడి ఒక కొస నేను విప్పాను. ఇంకో కొస ముసలామె అప్పటికే విప్పుతోంది.