వెంకటరమణయ్య నోట రాని మాట

నందికొట్కూరు బజారులో కిరాణా కొట్టు వెంకటరమణయ్యతో చదరంగం ఆడటమంటే తలనొప్పిని పిలిచి పీట వేయడమే. ఆట బాగానే ఆడతాడు మహానుభావుడు. ఓడిపోతున్నప్పుడే వస్తుంది తంటా. మంత్రి పోయినా, ఏనుగులు పోయినా, ఒంటి రాజును పట్టుకుని బోర్డంతా తిప్పుతాడు తప్ప ఓడిపోయానని మాత్రం అనడు. పోనీ కుదురుగా కూర్చుని తిప్పుతాడా? లేస్తాడు, కందిపప్పు మూట సర్దుతాడు, త్రాసు పళ్లేలు తుడుస్తాడు, మంచినీళ్లు తాగుతాడు, మళ్లీ వచ్చి రాజును ఒక్క గడి జరుపుతాడు.

పాపం, అది మొండితనం కాదు, భయం. కొట్టులో చెడుమాట పలకకూడదని వాళ్ల నాయన చిన్నప్పుడే చెవి మెలేసి నేర్పాడు. బెల్లం అయిపోతే లేదనడు, "రేపొస్తాది" అంటాడు. బియ్యమైతే నిండుకున్నాయంటాడు. అలాంటివాడు గల్లాపెట్టె పక్కన, సాక్షాత్తు లక్ష్మీదేవి పటం కింద కూర్చుని ఓడిపోయానని ఎలా అంటాడు?

ఈ గోలంతా ఎవరికి కావాలి? ఆడేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది శెనక్కాయ పండించే నాగన్న ఒక్కడే. మధ్యాహ్నం పూట బేరాలుండవు. నాగన్న రాని రోజు వెంకటరమణయ్యకు కాలూ చెయ్యీ ఆడదు, వీధిలోకి మెడ సాచి చూస్తూనే ఉంటాడు.

ఆ రోజు కూడా వెంకటరమణయ్యకు రాజొక్కటే మిగిలింది. నాగన్నకు తన ఊరి బస్సు టైమైంది. చేనుకు కరెంటు ఇచ్చేది సాయంత్రం కాసేపే. మొన్న ఇలాగే ఆట తెమలక బస్సు తప్పిపోయి, నీళ్లు పెట్టలేకపోయాడు.

"సెట్టీ, ఒప్పుకో. ఆడ చేను ఎండిపోతాండాది."

"ఇంగా ఉండాదిలేప్పా ఆట. ఆడు."

"ఏముండాది, నా మొగం! ఓడిపోయినోడు ఆ మాట అనేసి, ఎదుటోన్ని వాని పనికి పోనీయాల. అదీ మర్యాద. నా పొద్దంటే నీకు లెక్కే లేదు. ఇంగ నేను రాను పో."

నాగన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. వెంకటరమణయ్య పిలుద్దామని తలెత్తాడు, పైన లక్ష్మీదేవి పటం. గల్లాపెట్టె మీద చెయ్యి వేశాడు, తీశాడు. లేచాడు, కూర్చున్నాడు. ఎంత కోపమొచ్చినా వెళ్లేటప్పుడు "వస్తా సెట్టీ" అనే మనిషి ఇవాళ ఆ మాట అనలేదు. రేపటినుంచి ఈ మధ్యాహ్నాలు ఎట్లా గడుస్తాయి దేవుడా అనుకున్నాడు. అంతే, పట్టపగలు గల్లాపెట్టె వదిలేసి, చెప్పులైనా తొడుక్కోకుండా బస్టాండుకు పరుగెత్తాడు.

బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన నాగన్న మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

"నాగన్నా! ఓడిపోయినానప్పా! నేను ఓడిపోయినా!"

బస్టాండంతా తిరిగి చూసింది. పండ్ల బండి యశోద బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో సెట్టీ, దివాళా తీసినావా ఏంది?"

ఏ మాట పడకూడదని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వణికాడో, ఆ మాటే నలుగురిలో పడింది. సిగ్గుతో వెంకటరమణయ్య తల వంచుకున్నాడు.

నాగన్న కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఇంజను సప్పుడులో సరిగా ఇనపల్లేదు సెట్టీ. ఏమంటాండావు?"

వినపడకేం, బాగా వినపడింది దొంగకు! పెదాల చివర నవ్వు దాగడం లేదు. వెంకటరమణయ్యకు ఒళ్లూ మండింది, ప్రాణమూ లేచి వచ్చింది. కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని, ఈసారి ఓడిపోయానని ఇంకా గట్టిగా అన్నాడు.