వదినె రొట్టెను తిప్పిన రోజు

నేను శ్రీరాంపూర్ బొగ్గుగని కాలనీలో అన్నం తిని పెరిగినదాన్ని. ఖానాపూర్‌లో మా అత్తగారింట్లో రెండు పూటలా జొన్నరొట్టే. పెళ్లయిన కొత్తలో మా బాపు నన్ను చూడడానికి వచ్చాడు. నేను చేసిన రొట్టె ఆయన పళ్లెంలో పడిందో లేదో, మా ఆడబిడ్డ, మా ఆయనకు అక్క, దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

"గిది రొట్టెనా, జిల్లా పటమా? మీ అవ్వ నీకేం నేర్పలేదా?"

అందరూ నవ్వారు. బాపు తల వంచుకుని తిన్నాడు. ఆయన గని వర్క్‌షాపులో లేత్ యంత్రం మీద ఇనుప కడ్డీలను తిప్పుతూ గుండ్రంగా చెక్కే మనిషి. వెళ్లేటప్పుడు వాకిట్లో ఆగి, "దారం అడ్డం పెట్టి కొలిస్తె గుండ్రం తెల్వది బిడ్డా. నడుమ పట్టి తిప్పాలె, అంచు కాడ పుల్ల పెట్టాలె. అప్పుడు దాని బండారం బయటపడ్తది," అన్నాడు. నా రొట్టె బాగుపడాలనే చెప్పాడు. నా కళ్ల ముందు మాత్రం ఆడబిడ్డ రొట్టె మెదిలింది.

ఏళ్లు గడిచాయి. నా చెయ్యి కుదిరింది గానీ కడుపులో మంట చల్లారలేదు.

మొన్న వానాకాలంలో మా ఆడబిడ్డ తన కొత్త కోడలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ముగ్గురం వంతులవారీగా రొట్టెలు చేస్తున్నాం. ఆ పిల్ల చేసిన రొట్టెను కూడా అలాగే పైకెత్తింది. నేను లేచి, మా అమ్మాయి పుట్టినరోజు కేకు కోసం కొన్న తిరిగే పీటను తెచ్చి ముందు పెట్టాను. ఆ పిల్ల మీద జాలితో చేశానంటే అబద్ధం.

"వదినె, నీ రొట్టె దీని నడుమ పెట్టు. నువ్వే పెట్టు, మల్ల నన్ననకు."

"పెడ్త. నాకేం భయమా?"

అంచుకు ఆనీ ఆనకుండా చీపురుపుల్ల పట్టుకుని పీట తిప్పాను. ఒక పక్క పుల్ల గీరింది, ఇంకో పక్క వేలు పట్టేంత సందు.

"నడుమ పడలే," అంటూ ఆమె రొట్టెను జరిపింది. మళ్లీ తిప్పాను. ఈసారి మూడు చోట్ల గీరింది, మూడు చోట్ల సందు.

"మూడు మూలలున్నయ్ వదినె. రొట్టె అన్కుంటే సమోసా అయింది."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడబిడ్డ ముఖం మాడిపోయింది.

"నీది గూడ పెట్టు మరి, చూద్దాం."

నా రొట్టె అప్పుడే పొయ్యి మీది పెంక మీంచి దిగింది. చెయ్యి కాలుతున్నా నాలుగు ముక్కలు చేసి పప్పులో ముంచాను.

ఇప్పటికీ ఆమె వస్తుంటుంది. పొయ్యి దగ్గరికి మాత్రం రాదు. రొట్టెలు నేనే చేస్తాను. ఆమె పళ్లెంలో వేశాక, తుంచి తినడం మొదలుపెట్టేదాకా ఎదురుగా నిలబడతాను.