లేడనలేదు, తెలియదన్నాడు

ఆ వీధిలో సూర్యుడు ఉదయించేది వాచీలాయన గోడగడియారం చూసుకున్నాకే. ఒకనాడు అరనిమిషం ఆలస్యమైతే సూర్యుడే సిగ్గుపడి, మధ్యాహ్నం దాకా మబ్బు చాటునే ఉండిపోయాడు.

అంతటి మొనగాడికి ‘బాగైంది’ అన్న ఒక్క మాట మాత్రం చచ్చినా తేలిగ్గా నోట రాదు. రిపేరు చేసిన ప్రతి వాచీనీ మూడు రోజులు అరలో ఉంచుతాడు. ఒకరోజు వెల్లకిలా, ఒకరోజు బోర్లా, ఒకరోజు నిలబెట్టి నడిపిస్తాడు. ఈలోగా ఎవరొచ్చి బతిమాలినా, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే “ఇంకా తెలీదండీ” అంటాడు.

దేవుడి సంగతీ అంతే. ఉన్నాడా అంటే తెలీదంటాడు. ఆయనను పెంచి పెద్దచేసిన అక్కకు డెబ్బై దాటాయి. పొద్దున లేవగానే ప్రార్థన చేయనిదే మంచినీళ్లు ముట్టదు. నలభై ఏళ్లుగా తమ్ముడికి ఆమె పెట్టిన పేరు నాస్తికుడు.

“నాస్తికుణ్ణి కాదే అక్కా. వాడైతే దేవుడు లేడని తేల్చేశాడు. నేనింకా ఏదీ తేల్చలేదు. నాలాంటివాణ్ణి అజ్ఞేయవాది అంటారు.”

“అది పలికేలోపు నా పళ్లూడతాయి. నాస్తికుడే హాయి, నోరు తిరుగుతుంది.”

ఆ అక్కకు గుండె ఆపరేషన్ తప్పలేదు. ఆసుపత్రి గదిలో, ఆకుపచ్చ గౌనులో, మంచం అంచున కూర్చున్న మనిషి ఆయన కంటికి చిన్నపిల్లలా కనిపించింది. లోపలికి తీసుకెళ్లడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. ఆమె చేతులు జోడించబోయింది. అంతలోనే దించేసింది.

“ఒరేయ్, ఇవాళ నాకు మాటలు రావట్లేదురా. నా బదులు నువ్వు చెయ్యి.”

వాచీలాయన ఆమె పక్కన కూర్చున్నాడు. చేస్తే నటన. చేయకపోతే అక్క ఆ తలుపు దాటేది ఒంటరిగానే.

“నీ దగ్గర అబద్ధం ఆడలేనే.”

“ఆడమన్నానా? లేడని తేల్చేసినవాడివైతే నిన్ను అడిగేదాన్నే కాదు. తెలీదంటావుగా, ఆ మాటే ఆయనతో చెప్పు.”

ఇన్నేళ్లూ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసిందనుకున్నాడు. అంతా లోపలే దాచుకుంది! ఆమె చేతులను తన రెండు చేతుల మధ్యకు తీసుకున్నాడు.

“అయ్యా, మీరున్నారో లేరో నాకు తెలీదు. ఉంటే మా అక్కను చూసుకోండి. భయపడుతోంది, పైకి చెప్పదు. లేకపోతే... ఇక్కడ నేనున్నాను.”

అక్క కళ్లు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది. “దేవుడికే షరతులు పెట్టినవాణ్ణి నిన్నే చూశానురా!” ఆ నవ్వుమొహంతోనే కళ్లజోడు తీసి తమ్ముడి చేతిలో పెట్టి స్ట్రెచర్ ఎక్కింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాక అక్క ఊరుకుందా? తమ్ముడు పిలిచాడని దేవుడే పరుగున దిగొచ్చి, నాలుగు గంటలపాటు డాక్టరు పక్కన నిలబడి కత్తెరలందించాడని వీధి వీధంతా చాటింది.

“కత్తెరలందించింది నర్సమ్మ,” అన్నాడు వాచీలాయన. “నేను బయట అక్క కళ్లజోడు పట్టుకుని కూర్చున్నాను.”