ఎనిమిదో పాటలో లేని గొంతు

మా ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. ఎనిమిదో దాంట్లో గొంతు లేదు. డప్పు ఉంది, బేస్ గిటార్ ఉంది, మధ్యలో హార్మోనియం రెండుసార్లు వచ్చి పోతుంది. పాట బాగుంది గానీ పాడేవాళ్లు ఎక్కడ, తప్పు ఫైల్ ఎక్కించారా అని విన్నవాళ్లు మెసేజ్‌లు పెడుతుంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు అలవాటైంది. ఎవరికీ జవాబివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేం నలుగురం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తులో ఒక గది తీసుకుని, హాస్టళ్లవాళ్లు పారేసిన పరుపులు గోడలకు కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. ఎన్ని పరుపులు కొట్టినా మెట్రో చప్పుడు ఆగేది కాదు. రైలు వచ్చిన ప్రతిసారీ పాట ఆపేసి, అది దూరమయ్యాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. నేను బేస్ వాయిస్తాను. రికార్డింగు, మిక్సింగు కూడా నావే, ఇంకెవరికీ అంత ఓపిక లేదు గనుక. నాకు ఓపిక ఉందని కాదు, వాళ్లు చేస్తే నాకు నచ్చదు.

ఏ రెండు పాటలూ ఒకేలా ఉండకూడదని మా సింగర్ పట్టు పట్టాడు. అతను నా కాలేజీ దోస్తు. ఒక పాటలో బతుకమ్మ చప్పట్ల మీద ఎలక్ట్రిక్ గిటార్, ఇంకోటి కవ్వాలీ, ఇంకోటి వట్టి హార్మోనియంతో జోలపాట, మరోటి గణపతి ఊరేగింపు దరువు మీద గొంతు చించుకుని అరవడం. డ్రమ్మర్ వాళ్లమ్మ సగం విని, "గిది టిఫిన్ క్యారియర్ లెక్కున్నది గదరా, గిన్నెకో కూర" అన్నది. మేం దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాం.

ఎనిమిదో గిన్నె మాత్రం ఖాళీగా ఉండిపోయింది. డప్పు, బేస్ కట్టి పెట్టుకున్నాం గానీ వాటి మీద ఏం పాడాలో ఎవరికీ తోచలేదు. చివరికి సింగరే అన్నాడు.

"శోకం పెట్టిద్దాం రా. మన ఊర్లల్ల ముసలోళ్లు రాగం తీసి ఏడుస్తరు జూడు, గది. గీ బేస్ మీద గా గొంతు పడితె ఎట్లుంటదో!"

నాకు వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది. ఎవరైనా పోతే, వాళ్లను వరస పెట్టి పిలుస్తూ, బతికుండగా వాళ్లు చేసినవన్నీ ఒక్కొక్కటే చెప్తూ, చివరికి తొవ్వ, అంటే దారి, చెప్పి సాగనంపుతూ రాగం తీసి ఏడవడాన్ని మా నల్గొండ వైపు శోకం పెట్టడం అంటారు. అత్త శోకం పెడితే వాకిట్లో నిలబడ్డ మగవాళ్లు కూడా తల తిప్పుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఈ అత్తే. నాయనకు అక్క. ఉండేది హయత్‌నగర్‌లో. ఎల్‌బీ నగర్‌లోని మా ఫ్లాట్‌కు అక్కడి నుంచి ఒక్క బస్సెక్కితే చాలు. అయినా మూడేళ్లుగా ఆమె మా ఇంటి గడప తొక్కలేదు. ఒకసారి మోకాళ్ల నొప్పులంటుంది, ఒకసారి లిఫ్ట్ అంటే భయమంటుంది. అసలు కారణం నేనే.

మూడేళ్ల కింద నాయన పోయాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. ఆ రోజు పొద్దున తొమ్మిది గంటలకల్లా నాయనను ఉంచడానికి హాల్లో ఐస్ బాక్స్ పెట్టారు. అత్త వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చి, పెట్టె అద్దం మీద రెండు చేతులూ వేసి మొదలుపెట్టింది.

"ఓ తమ్ముడా, నా తమ్ముడా... బస్టాండుల నా కోసం పొద్దుగూకేదాంక నిలవడ్డ తమ్ముడా... వానొస్తె గొడుగు నాకు వట్టి..."

నేను ఆమె భుజం పట్టుకున్నాను. "అత్తా, జర ఆపు. అపార్ట్‌మెంట్ ఇది. ఎదురింట్ల పిల్లలకు పరీక్షలున్నయ్. అందరు వింటున్రు."

నిజానికి ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింటి తలుపు తెరుచుకోనే లేదు. వాళ్లేమైనా అంటారేమోనని ముందే నేను సిగ్గుపడ్డాను, అంతే. అత్త నా మొహం చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. నాయనను తీసుకుపోయేదాకా ఇంట్లో ఆ పెట్టె మోటారు చప్పుడు ఒక్కటే వినిపించింది. నాది పాడు చెవి, ఏ చప్పుడు విన్నా దాని శ్రుతి పట్టేసుకుంటుంది. ఆ మోటారు శ్రుతి నాలో ఉండిపోయింది.

ఆ అత్త దగ్గరికే వెళ్లి మా పాటకు శోకం పెట్టమని అడిగాను. నా మొహానికి సిగ్గు లేదని మీరు అనుకోవచ్చు.

"ఎవరి మీద?" అన్నది అత్త.

"ఎవరి మీద గాదత్తా. ఊకెనే, పాట లెక్క."

"ఊకెనే ఎట్ల ఏడుస్తరు రా?" అని చాయ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులకు తనే ఫోన్ చేసి, "ఒస్తా. గని ఒక్కసారే" అన్నది.

అన్నట్టే ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు స్టూడియోకు వచ్చింది. మేం వేసిన కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది, అది కూడా తలుపు వైపు తిరిగి. మైక్ కిందికి దించి, హెడ్‌ఫోన్లు పెట్టి, పాట వినిపించాను. కాసేపు కళ్లు మూసుకుని విన్నది.

"గీ చప్పుడు నాకెర్క," అన్నది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె నోరు తెరిచింది.

"...నువ్వు తడిసిన తమ్ముడా..."

సింగర్ నా వైపు చూశాడు. ఇదేం మొదలు, మధ్యలోంచి ఎత్తుకుంది అన్నట్టు. నాకు మాత్రం దాని మొదలు గుర్తుంది. గొడుగు నాకు వట్టి, నువ్వు తడిసిన తమ్ముడా. మూడేళ్ల కింద నేను ఎక్కడ ఆపానో సరిగ్గా అక్కడి నుంచి అందుకుంది. ఆమెకు ఎరుకైన ఆ చప్పుడేమిటో కూడా అప్పుడే తెలిసింది. నేను కట్టిన బేస్ ఆ పెట్టె మోటారు శ్రుతిలోనే ఉంది. తెలియకుండా నేను ఆ చప్పుడునే పట్టుకుని పాట కట్టాను.

"నీ ఇంట్ల నీ మీద నోరిప్పరాదంటిరి తమ్ముడా... తొవ్వ జెప్పకనె తోలిచ్చిరి తమ్ముడా... కడప కాడ్నే నిలవడ్తివా నా తమ్ముడా..."

మధ్యలో మెట్రో వచ్చింది. అలవాటు కొద్దీ నా వేలు ఆపే బటన్ మీదికి పోయింది. ఆ వేలిని ఇంకో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాను. అత్త చివరిదాకా ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని ఊరుకుంది.

సింగర్ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. అయినా స్టూడియోలో కూర్చునేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆమె హెడ్‌ఫోన్లలోకి వినిపించే మైక్ నొక్కి, "అత్తమ్మా, సూపరొచ్చింది. మధ్యల రైలు చప్పుడు పడ్డది. ఇంకొక్కసారి చేద్దామా?" అన్నాడు.

అత్త హెడ్‌ఫోన్లు తీసి నేల మీద పెట్టింది. "ఇంకొక్కసారా? ఇంకెవరు సచ్చిన్రు?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాత మిక్సింగ్‌కు కూర్చున్నాను. రైలు పడ్డది సరిగ్గా కడప కాడ్నే నిలవడ్తివా, గడప దగ్గరే నిలబడిపోయావా, అన్న మాట మీదే. ఆ చప్పుడు తీసేయడానికి ఆ ఒక్క ముక్కా కత్తిరించి, తిప్పి తిప్పి వారం రోజులు విన్నాను. నాలుగో రోజు ఇంటికి పోయి తాళం తీసి, లోపలికి అడుగు పెట్టబోతూ పక్కకు ఒదిగాను. గడప దగ్గర ఎవరో నిలబడి ఉంటే తగలకుండా పోయినట్టు. ఎందుకు ఒదిగానో నాకే తెలియదు. మరునాడూ అంతే. కూరగాయల సంచీ అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకుని మరీ ఒదిగాను. నాకు భయమేసింది. పట్టపగలు, నా సొంత ఇంటి తలుపు ముందు, మా నాయనకు భయపడ్డాను.

అత్త దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

"మొత్తం విన్నవా?" అని అడిగింది.

"లేదు. ముక్కలు ముక్కలుగ."

ఆమెకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "శోకం ముక్కలు గోస్తరా? సగంల ఆపినందుకె వాడు నీ కడప కాడ నిలవడ్డడు. నేను మీ ఇంటికి ఎందుకొస్తలేననుకున్నవ్? వాణ్ని దాటి లోపటికి ఎట్ల రావాలె? ఇప్పుడు నువ్వు మల్ల వారం దినాలు వాణ్ని ఆడనే నిలవెట్టినవ్."

"మరి ఏం జెయ్యాలె?"

"ఇంట్ల ఏడ్వాల్సింది ఇంట్లనే ఏడ్వాలె. తలుపు తెరిచి. మొత్తం. ఒక్కసారి. ఇగ దాన్ని మల్ల ముట్టద్దు."

ఆల్బమ్‌లోంచి గొంతు తీసేస్తున్నానంటే సింగర్ నాతో కొట్లాటకు దిగాడు. "పిచ్చి లేసిందా? తొమ్మిదిట్ల గదొక్కటే అసలు పాట!" అన్నాడు. అతను అన్నది నిజమే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. నెల రోజులు మాట్లాడుకోలేదు. చివరికి గొంతు లేకుండానే ఆ పాట బయటికి వచ్చింది.

అత్తతో మాట్లాడిన తర్వాతి ఆదివారం పొద్దున పదింటికి స్టూడియో స్పీకర్లు ఇంటికి మోసుకొచ్చాను. హాల్లో పెట్టె ఉన్న చోటనే పెట్టాను. రైలు చప్పుడు తీయని మొదటి రికార్డింగే తెచ్చాను. తలుపు బార్లా తెరిచాను. బటన్ నొక్కబోతుంటే గుర్తొచ్చింది, ఇందులో సగం మాటే ఉంది, ముందు సగం లేదు. దాన్ని నేనే అనాలి.

"వానొస్తె గొడుగు నాకు వట్టి," అన్నాను. నాకు రాగం రాలేదు. మామూలుగానే అన్నాను. బటన్ నొక్కాను.

అత్త గొంతు కారిడార్ అంతా నిండింది. గడప దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ రోజు ఏడవనిదంతా ఏడ్చాను.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆమెది గుంటూరు వైపు. చేతులకు పిండి అంటుకుని ఉంది. "అయ్యో, ఎవరండీ పోయింది?"

"మా నాయనండీ."

ఆమె నన్నూ, లోపల స్పీకర్లనూ చూసింది. కాసేపటికి అర్థమైనట్టుంది. "ఆ రోజు మీ ఇంట్లో ఏ అలికిడీ లేదండీ. సాయంత్రం దాకా మాకు తెలియనే లేదు. ఒక్క ఏడుపు వినిపించినా వచ్చేవాళ్లం కదా" అంటూ లోపలికి వచ్చి, నేల మీద కూర్చుంది. అయిపోయేదాకా లేవలేదు.

ఆమె వెళ్లాక అత్తకు ఫోన్ చేశాను.

"అయిందా?"

"అయింది."

"ఎవరన్న వచ్చిన్రా?"

"ఎదురింటామె వచ్చింది."

"కూసున్నదా?"

"చివరిదాంక కూసున్నది."

"అట్లయితె రేపొస్తా," అన్నది.