కట్టె నా చేతికియ్యిండ్రి

కోదాడ దిక్కు నాలుగు లైన్ల రోడ్డు పడ్డ కొత్తల సంగతి. గుంతల రోడ్డున్నప్పుడు లారీ గూడ ఎడ్లబండి లెక్క పోయేది. రోడ్డు నున్నగ కాంగనే పోరగాండ్లకు పిచ్చి లేసింది.

మా ఆయన ఆ రోడ్డు మీదనే పోయిండు. గొర్ల మందను దాటిస్తుంటే కారొచ్చి గుద్దింది. మనిషేదో గొర్రేదో తెల్వకుంటైంది. గొంగడిల ఏరి మూటగట్టి తెచ్చిండ్రు. సూడొద్దని నన్ను పట్టుకున్నరు. ఇడిపిచ్చుకొని సూసిన. కారు నడిపినోడు మీసం గూడ సరిగ రాని పోరడు. గట్టు మీద కూసోని కక్కుకుంటున్నడు.

గదంత కండ్లార సూసిన నా కొడుకే బండి కావాలన్నడు. కోదాడ కాలేజీల సదువుతుండె. రోజూ సతాయిస్తుంటే పొట్టేళ్లనమ్మి కొనిచ్చిన. రాంగనే సైలెన్సర్ పీకిండు, అద్దాలు ఇప్పిండు. దోస్తులతోని పందెం పెట్టుకొని లారీల నడుమ నుంచి దూరుతున్నడని ఊరోళ్లు చెప్పిండ్రు. నీ అయ్య ఎట్ల పోయిండో మర్సినవారా అని అడిగిన.

"అయ్య నడుస్తుండె అవ్వా. బండి మీదుంటే తప్పించుకుంటుండె" అన్నడు, నవ్వుకుంట.

ఓనాడు పొద్దు వాలేయాల్లకు ఫోనొచ్చింది. చిలుకూరు కాడ నీ కొడుకు బండితోని గొర్ల మంద మీద వడ్డడు, గొర్లోళ్లు పట్టుకొని కొడుతున్నరు, జల్ది రమ్మన్నరు. ఆటో పట్టుకొని ఉరికిన.

రోడ్డు నిండ నెత్తురు. గొర్లు కడుపులు పగిలి పడున్నయ్. ఒకటి నడుం ఇరిగి ఇంకా ముంగటి కాళ్లతోని పాకుతున్నది. మంద కాసే ముసలాయన తొడ బొక్క బయటికొచ్చిందట, అప్పటికే దవాఖానకు తీసుకపోయిండ్రు. బండికి అగ్గి పెట్టిండ్రు. నా కొడుకును గొర్రెను కట్టే తాడుతోనే కరెంటు స్తంభానికి కట్టేసిండ్రు. ఒక కన్ను మూసుకపోయింది. నోట్లకెళ్లి నెత్తురు కారుతున్నది. ముసలాయన తమ్ముడు ఇంత పెద్ద రాయి పట్టుకొని నిలవడ్డడు. మా అన్నకేమన్నయితే వీణ్ణి గీడనే పాతిపెడ్తమంటున్నడు. పోలీసులు ఇంకా రాలేదు.

వాళ్లూ మా కులపోళ్లే. మా కులంల ఓ పద్ధతున్నది. తప్పు చేసినోణ్ణి కులం ముంగట వాని ఇంటి పెద్ద కొట్టాలె. ఇంటోళ్లు కొట్టినంక బయటోళ్లు చెయ్యెయ్యొద్దు. కొట్టేది ఎప్పుడూ మొగోళ్లే. మా ఇంట్ల మొగోడు లేడు.

"కట్టె నా చేతికియ్యిండ్రి" అన్న.

రాయి పట్టుకున్నోడు నవ్విండు. "కోడి తొక్కితె పిల్ల సస్తదా ఒదినె?"

వాళ్లల్ల పెద్దమనిషి కట్టె ఇచ్చిండు.

మెత్తగ కొడితే కట్టె గుంజుకుంటరని తెల్సు. అందుకే మొదటి దెబ్బనే భుజం మీద గట్టిగ ఏసిన. వాణ్ణి బతికిచ్చుకుందామనే ఏసిన. కని రెండో దెబ్బకు ఏమైందో, నా కండ్ల ముంగట గొంగడి మూటనే ఉన్నది. పక్కబొక్కల మీద కొట్టిన, మోకాళ్ల మీద కొట్టిన. ఎక్సలేటర్ తిప్పే చెయ్యి కనవడ్డది. స్తంభానికి ఆనిచ్చి కట్టి ఉన్నదది. దాని మీదనే కొట్టిన, అది ఇరిగేదాక కొట్టిన. ఎండిన కంది కట్టె ఇరిగినట్టు సప్పుడొచ్చింది. వాడు అవ్వా అని ఒర్లిండు. నేను ఆగలె.

రాయి పట్టుకున్నోడే రాయి పారేసొచ్చి ఎనుకకెళ్లి నా రెక్కలు పట్టుకున్నడు.

"ఇడువు ఒదినె, సస్తడు" అన్నడు.

వాళ్లే తాడిప్పిండ్రు. వాళ్లే వాణ్ణి ఆటోల పండవెట్టి, సూర్యాపేట దవాఖాన దాక తోడొచ్చిండ్రు.

ముసలాయన బతికిండు, ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తడు. నా కొడుకు చెయ్యి వంకరగ అతికింది. ముద్ద నోటిదాక పోతది, బండి పిడి మాత్రం తిరగదు. గసొంటి తల్లి ఉంటదా అని ఊర్లె అంటరు. వాడు నాతోని మాట్లాడడు. కంచంల అన్నం పెడితే తలకాయ వంచుకొని తింటడు. నేను ఎదురుంగ కూసోని, వాడు తిని లేసేదాక సూస్తుంట.